హక్కు సొమ్ముకు సరైన లెక్క

 

మన సొసైటీ గుమ్మం తొక్కే కుటుంబాల్లో చాలావాటిలో ఇంటి యజమాని ఏళ్ల తరబడి ఎక్కడో ఒకచోట పనిచేసినవాడే. చిల్లకల్లు మీదుగా పోయే 65వ నెంబరు జాతీయ రహదారి వెంట లారీ ఆఫీసుల్లో, జగ్గయ్యపేట చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీల్లో, నందిగామ దుకాణాల్లో, ప్రైవేటు బడుల్లో చేసినవారున్నారు. సౌదీకి, దుబాయ్‌కి వెళ్లొచ్చిన వారూ ఉన్నారు. వారికి సాయం చేసేముందు ఒక్క మాట అడగాలి: మీకు రావలసిన గ్రాట్యుటీ వచ్చిందా? హక్కుగా రావలసింది ఇప్పించకుండా ఖైరాతు ఇస్తే, యజమాని బాకీని దాతల చేత కట్టించినట్టే అవుతుంది.

ఈ రోజుల్లో గ్రాట్యుటీ ఎంతో తెలుసుకోవాలంటే అందరూ ఫోను తీస్తున్నారు. జీతం, సర్వీసు వేస్తే చిటికెలో ఒక అంకె వస్తుంది. ఆ అంకెను నమ్మి కాగితం మీద సంతకం పెట్టేస్తున్నారు. అంకె తప్పయితే నష్టపోయేది ఆ ఇల్లే.

లెక్క ఇదీ. చివరిగా తీసుకున్న నెల వేతనాన్ని, అంటే బేసిక్, డీఏ కలిపి, 26తో భాగించాలి. 15తో హెచ్చించాలి. తరువాత సర్వీసు ఏళ్లతో హెచ్చించాలి. చివర్లో ఆరు నెలలు దాటితే దాన్ని పూర్తి ఏడాదిగా పట్టాలి. 26 ఎందుకంటే, నెలలో నాలుగు వారపు సెలవులు పోగా మిగిలే పనిదినాలు అవే. సుప్రీంకోర్టు 1980లోనే ఈ పద్ధతిని సమర్థించింది.

ఒక ఉదాహరణ చూద్దాం. వేతనం 18,000 రూపాయలు, సర్వీసు 11 ఏళ్ల 7 నెలలు. 12 ఏళ్లకు లెక్క కడితే 1,24,615 రూపాయలు రావాలి. 26 బదులు 30తో భాగిస్తే 1,08,000 అవుతుంది. ఆ ఏడు నెలలనూ వదిలేస్తే 99,000కు దిగుతుంది. ఒకే మనిషి, ఒకే ఉద్యోగం. తేడా పాతిక వేల పైచిలుకు! ఒక పిల్లవాడి చదువుకు అదెంత ఆసరా అవుతుందో మీకు మేము చెప్పనక్కరలేదు.

చట్టం కూడా మారింది. 1972 నాటి గ్రాట్యుటీ చట్టం స్థానంలో సామాజిక భద్రతా కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. అలవెన్సులు మొత్తం జీతంలో సగం దాటితే, దాటిన భాగాన్ని వేతనంలో కలపాలి. నిర్ణీత కాలపు ఒప్పందం మీద పనిచేసేవారికి ఐదేళ్లు నిండనక్కరలేదు, ఏడాది చాలు. ఉద్యోగి చనిపోతే ఐదేళ్ల నిబంధన ఎప్పుడూ అడ్డు కాదు. ఇవేవీ అడగని సైటు పాత లెక్కే చెబుతుంది.

గల్ఫ్ లెక్క మరీ వేరు. సౌదీలో మొదటి ఐదేళ్లకు ఏడాదికి అరనెల జీతం, ఆపైన ఏడాదికి నెల జీతం. 3,000 రియాళ్ల జీతంతో ఏడేళ్లు చేసినవాడిని యజమాని పంపిస్తే 13,500 రావాలి. తనే రాజీనామా చేస్తే మూడింట రెండు వంతులు, అంటే 9,000. ఉద్యోగం ఎలా ముగిసిందో అడగని సైటు సౌదీ లెక్క సరిగా చెప్పలేదు. యూఏఈలో మాత్రం 2022 ఫిబ్రవరిలో కొత్త చట్టం వచ్చాక రాజీనామాకు అలాంటి కోత లేదు. కనుక ఏ దేశమో, ఏ సంవత్సరపు చట్టమో కూడా చూడాలి.

రెండు సైట్లు ఒకే అంకె చూపాయి కదా అని నిశ్చింతగా ఉండకండి. రెండూ ఒకే తప్పు సూత్రాన్ని వాడుతూ ఉండవచ్చు. జవాబు తెలిసిన లెక్కతో సైటును పరీక్షించండి. పైన చెప్పిన 18,000 వేసి, 11 ఏళ్ల 7 నెలలు అనండి. 1,24,615 రావాలి. తరువాత 11 ఏళ్ల 5 నెలలు అనండి. 1,14,231 రావాలి. రాకపోతే ఆ సైటును పక్కన పెట్టండి.

దాతలకు మా విన్నపం ఒక్కటే. మన చదువుకున్న పిల్లల్లో ఇద్దరు ముగ్గురిని ఈ పనికి కేటాయిద్దాం. నియామక పత్రం, జీతం చీటీలు, బ్యాంకు పుస్తకం ముందు పెట్టుకుని కాగితం మీద లెక్క కట్టాలి, తరువాతే ఫోను చూడాలి. తేడా ఉంటే యజమానికి రాతపూర్వకంగా అడగాలి. 30 రోజుల్లో సొమ్ము ఇవ్వాలి, ఆలస్యమైతే వడ్డీ కూడా ఇవ్వాలి. అప్పటికీ ఇవ్వకపోతే కార్మిక శాఖ తలుపు తట్టాలి. ఉద్యోగంలో ఉన్నవారు నామినీ పేరు ఇప్పుడే రాయించుకోవాలి.

దీనికి పెద్ద ఖర్చు లేదు, కాస్త ఓపిక కావాలి. ఒక కుటుంబం తన హక్కుతో నిలబడితే, మీరిచ్చే సొమ్ము ఏ ఆధారమూ లేని మరో ఇంటికి చేరుతుంది. మీ దానధర్మాలను అల్లాహ్ స్వీకరించుగాక. ఆమీన్.