నీళ్ల మీద రాతలు
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  సంఘం కార్యదర్శిగారు ఫోన్ చేసి "ముప్పై ఏళ్లు పేటెంట్ల పని చేశావు కదా, ఒక అరగంట దాని గురించి మాట్లాడు" అన్నారు. పేటెంట్ల గురించి అరగంట వింటే మెలకువగా ఉన్న మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. అందుకని నీళ్ల గురించి మాట్లాడతాను. పేటెంట్లు మధ్యలో అవే వస్తాయి.

ముందు వరుసలో, ఫ్యాను కింద, ప్లాస్టిక్ కుర్చీలో ఒకాయన కూర్చున్నాడు. ఏడో తరగతి నుంచి పదో తరగతి దాకా నా పక్క బెంచీ. కబడ్డీలో మా టీముకు వాడే దిక్కు. ఇప్పుడు వాడు మెడ తిప్పి పక్కకు చూడలేడు, మొత్తం మనిషే తిరగాలి. పోయిన సంక్రాంతికి వాళ్ల ఇంటికి వెళ్తే ఒక మాట అడిగాడు: "ఎవరెవరి మిషన్లకో కాయితాలు రాసినవంట గదరా. మన ఊరి నీళ్లకు ఒక్కటన్న రాసినవా?" ఆరోజు నేను జవాబు చెప్పలేదు. టీ తాగి వచ్చేశాను.

మన సైన్సు సారు మీకు గుర్తుండే ఉంటారు. బురదనీళ్లు ఒక కుండలో పోయించి, లోపలి గోడకు ఇందుపగింజ అరగదీసి, "ఇప్పుడు లెక్కల పీరియడ్ అయ్యాక వచ్చి చూడండి" అనేవారు. వచ్చి చూస్తే మన్నంతా అడుగున, పైన తేట. గింజలోని పదార్థం నీళ్లలో తేలే మట్టి రేణువులను ఒకదానికొకటి అంటించి బరువు చేస్తుంది, అవి కిందికి దిగుతాయి. పటిక చేసే పని కూడా అదే. మేమంతా చప్పట్లు కొట్టాం. అప్పుడు సారు మన బావి నీళ్లు ఒక గ్లాసులో పట్టి చూపించి, "ఇది చూడు, అద్దంలాగ ఉంది. దీంట్లో ఉన్నది ఏ గింజకూ దొరకదు" అన్నారు. అప్పుడు మాకు అర్థం కాలేదు. మా పళ్ల మీద పసుపు చారలు అందరికీ ఉండేవి కాబట్టి పళ్లంటే అలాగే ఉంటాయనుకున్నాం.

ఫ్లోరైడ్‌కు రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. కాచితే పోదు సరికదా, నీరు ఆవిరయి మిగిలినదాంట్లో ఇంకా చిక్కబడుతుంది. లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకుండా ఉంటే మంచిది, వేరే నీళ్లు దొరకని చోట 1.5 దాకా సరిపెట్టుకోవచ్చు అని మన దేశపు ప్రమాణం. 1937లోనే అప్పటి మద్రాసు రాష్ట్రంలో, ఇప్పటి ప్రకాశం జిల్లా ప్రాంతంలో ఈ ఎముకల జబ్బును డాక్టర్లు గుర్తించి రాశారు. జబ్బు పేరు తెలిశాక నీళ్లు మారడానికి మనకు ఎన్నేళ్లు పట్టిందో మీకు నేను చెప్పక్కర్లేదు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో మన నల్లగొండ స్థానానికి 480 మంది పోటీలో నిలిచారు. వాళ్లలో చాలామంది గెలవడానికి కాదు, మా నీళ్ల సంగతి వినండి అని నామినేషన్ వేసినవాళ్లు. బ్యాలెట్ కాగితం పుస్తకమైంది. పోలింగే వాయిదా పడింది.

ఇప్పుడు కొంచెం నా వృత్తి గురించి. పేటెంట్ అంటే మా బంధువులు చాలామంది ఐఎస్ఐ ముద్ర లాంటిది అనుకుంటారు. కాదు. అది సర్కారుకూ, కనిపెట్టినవాడికీ మధ్య ఒక బేరం. "నువ్వు కనిపెట్టింది ఎలా చేయాలో దాచకుండా రాసి అందరికీ చూపించు, బదులుగా ఇరవై ఏళ్లు నీ అనుమతి లేకుండా ఇంకొకరు చేయకుండా ఆపే హక్కు ఇస్తాను" అని. ఆ వస్తువు కొత్తదై ఉండాలి, ఆ పని తెలిసినవాడికి చప్పున తట్టేది కాకూడదు, పనికి రావాలి. మన చట్టం 1970 నాటిది, 1972 నుంచి అమల్లో ఉంది. మన ప్రాంతపు దరఖాస్తులు చెన్నై కార్యాలయానికి వెళ్తాయి. ఏటా ఫీజు కట్టకపోతే ఇరవై ఏళ్లు కాకముందే హక్కు పోతుంది. అలా పోయినవి నా బీరువాలోనే బోలెడు.

నా పని ఏమిటంటే, ఇంజనీరు చెప్పింది విని, ఇంకొకడు సందు చూసుకుని దూరకుండా మాటల కంచె కట్టడం. దాన్నే క్లెయిము అంటాం. ఒక్క "మరియు" తప్పితే కంచె కూలుతుంది. అవధానం చేసేవాళ్లకు ఈ ఉద్యోగం బాగా కుదురుతుంది.

అమెరికాలో స్థిరపడిన మన బ్యాచి మిత్రుడి ఇంటికి వెళ్లినప్పుడు వాళ్ల పెరట్లో ఈతకొలను చూశాను. అడుగున పళ్లెం అంత వస్తువు ఒకటి గొట్టం తగిలించుకుని తనంతట తాను పాకుతోంది. మోటారు లేదు, చక్రాలు లేవు, కరెంటు తీగ లేదు. నేను ఆ పూట తిండి మానేసి దాన్నే చూశాను. దక్షిణాఫ్రికాలో ఫెర్డినాండ్ షోవియే అనే హైడ్రాలిక్స్ ఇంజనీరు 1974లో తయారుచేసిన 'క్రీపీ క్రాలీ' వంశం అది. మనం పదో తరగతి పరీక్ష రాసిన ఏడు. కొలను పంపు ఎలాగూ నీళ్లు లాగుతుంది కదా. ఆ లాగుడు దారిలో చిన్న నాలుక లాంటి కవాటం పెట్టాడు. అది అటూ ఇటూ కొట్టుకుంటూ నీటి పోతను తెంపి తెంపి వదులుతుంది. గొట్టంలో పరుగెత్తే నీళ్లు ఒక్కసారి ఆగినప్పుడల్లా ఒక కుదుపు. ఆ కుదుపుకు మిషను జానెడు ముందుకు జరుగుతుంది, దారిలో చెత్త మింగుతుంది. ఉన్న బలాన్నే ఇంకో పనికి వాడుకోవడం. నా దృష్టిలో మంచి ఆవిష్కరణ అంటే అది.

అది చూస్తుంటే నాకు కుళ్లు పుట్టిన మాట నిజం. ఈదే నీళ్లకు ఇంత తెలివి ఖర్చు పెట్టారే అని. తర్వాత ఆలోచిస్తే అది తప్పనిపించింది. ఆయన ముందున్న చిక్కును ఆయన విప్పాడు. మన ముందున్న చిక్కు మనది.

మన చిక్కుకు మొదటి గట్టి జవాబు నాగపూర్ నుంచి వచ్చింది. అక్కడి నీరీ సంస్థవాళ్లు 1970ల మధ్యలో ఒక పద్ధతి తయారుచేసి దానికి మన జిల్లా పేరే పెట్టారు, నల్లగొండ టెక్నిక్ అని. సున్నం, పటిక, కొంచెం బ్లీచింగ్ పౌడరు. బకెట్లో కలిపి మొదట వేగంగా, తర్వాత మెల్లగా తిప్పి గంటసేపు వదిలేస్తే తెల్లటి మడ్డి కిందికి దిగుతూ ఫ్లోరైడ్‌ను వెంట తీసుకుపోతుంది. పై నీళ్లు వడకట్టి తాగాలి. కరెంటు అక్కర్లేదు, పరదేశపు సరుకు అక్కర్లేదు. ఆఫ్రికాలో టాంజానియా దాకా వెళ్లింది ఈ పద్ధతి. మన జిల్లా పేరు ప్రపంచ సైన్సు పుస్తకాల్లో ఉన్నది ఈ ఒక్క కారణానికే. సంతోషించాలో ఏడవాలో తెలియని కీర్తి.

మరి ఊళ్లో ఎందుకు నిలవలేదు? పటిక ఎంత వేయాలన్నది ఆ నీళ్లలో ఫ్లోరైడ్ ఎంత, క్షారం ఎంత అన్నదాని మీద ఆధారపడుతుంది. ఒక బోరు లెక్క ఇంకో బోరుకు పనికిరాదు. తక్కువైతే ఫలితం లేదు, ఎక్కువైతే నీళ్లు నోట పెట్టలేం. ప్రతిరోజూ ఎవరో ఒకరు కొలిచి వేయాలి, మడ్డి తీసి దూరంగా పారేయాలి. ఆ పని ఆడవాళ్ల నెత్తిన పడింది. తెల్లారి కూలికి పోవాల్సిన మనిషి గంటసేపు బకెట్ దగ్గర ఎక్కడ కూర్చుంటుంది?

తర్వాత వచ్చింది ఆర్ఓ. దీని మూలం కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, లాస్ ఏంజెలెస్. సిడ్నీ లోబ్, మన దేశంలో పుట్టిన శ్రీనివాస సౌరిరాజన్ కలిసి 1960 ప్రాంతంలో ఉప్పును ఆపి నీటిని వదిలే పలుచని పొర తయారుచేశారు. అంతకుముందు పొరలు ఉప్పును ఆపేవి గాని నీళ్లు చుక్కచుక్కగా వచ్చేవి. వీళ్ల పొరకు ఒక వైపు చాలా పలుచని గట్టి చర్మం, మిగతాదంతా స్పాంజి. సరైన వైపు నీళ్లకు ఎదురుగా పెడితేనే పనిచేస్తుంది. 1964లో అమెరికా పేటెంట్ వచ్చింది. మరుసటేడు కోలింగా అనే చిన్న ఊళ్లో ప్లాంటు పెట్టి జనానికి నీళ్లిచ్చారు. ఇప్పుడు మన ఇళ్లలో ఉన్న పొర జాన్ కాడట్ తర్వాత చేసిన మరో రకం. దాని పేటెంట్ ఎవరిదన్న దాని మీద పెద్ద దావా నడిచి, ప్రభుత్వ సొమ్ముతో చేసిన పరిశోధనలో పుట్టింది కాబట్టి హక్కు ప్రభుత్వానిదని 1992లో అక్కడి కోర్టు చెప్పింది.

నేను ఆర్ఓ సామాన్ల కాగితాలు చాలా రాశాను. ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆ కాగితాల్లో "శుద్ధజలం బయటికి వచ్చు మార్గము" అని ఒక గీత గీస్తాం, "విసర్జిత జలం పోవు మార్గము" అని ఇంకో గీత గీస్తాం. రెండో గీత బొమ్మ అంచు దగ్గర ఆగిపోతుంది. అక్కడితో నా పని అయిపోయినట్టు. ఇంట్లో మిషను లీటరు మంచినీళ్లిస్తే రెండు మూడు లీటర్లు బయటికి వదులుతుంది. ఆపిన ఫ్లోరైడ్ అంతా చిక్కబడి ఆ నీళ్లలోనే ఉంటుంది. అది మోరీలోకి, అక్కడినుంచి నేలలోకి, తిరిగి ఎవరి బోరులోకో.

మన జిల్లా మనిషి గురించి చెప్పకపోతే తప్పవుతుంది. ఆలేరు దగ్గర శారాజీపేట చింతకింది మల్లేశం ఆరో తరగతితో బడి మానేశారు. పోచంపల్లి చీరకు ఆసు పోయడమంటే పిన్నుల చుట్టూ నూలు తిప్పడం, ఒక్క చీరకు తొమ్మిది వేల సార్లు చెయ్యి అటూ ఇటూ పోవాలి. వాళ్ల అమ్మగారి భుజం నొప్పి చూడలేక 1992లో మొదలుపెట్టి, చివరి కదలిక ఒకటి దొరక్క ఆగిపోయి, బాలానగర్‌లో ఇంకేదో మిషను నడుస్తుంటే చూసి కిటుకు పట్టి, 1999లో పూర్తిచేశారు. నాలుగైదు గంటల పని గంటన్నరకు వచ్చింది. అమ్మ పేరుతోనే లక్ష్మీ ఆసు యంత్రం. పేటెంట్ వచ్చింది, 2017లో పద్మశ్రీ వచ్చింది. దాన్ని చూసి ఇంజనీర్లం మేం సిగ్గుపడాలి.

ఇంక ముందు వరుస ప్రశ్నకు వస్తాను.

మన బడిలోనే చదివిన ఒక తమ్ముడు, నాకంటే పదేళ్లు చిన్న, మోటారు వైండింగ్ షాపు పెట్టుకున్నాడు. చేతిపంపు పిడి కొట్టినప్పుడల్లా ఆ ఊపుకే కొలత ప్రకారం పటిక నీళ్లు, సున్నపు నీళ్లు కుండీలో పడేటట్టు ఒక ఏర్పాటు చేశాడు. కొలిచే పని మనిషి మీద లేకుండా. ఇందాక చెప్పిన కొలను మిషను లాగే, ఉన్న బలాన్నే ఇంకో పనికి వాడుకోవడం. నాకు ఫోన్ చేసి, "అన్నా, ఒకసారి వచ్చి చూడు, కాయితం పెట్టుదాం" అన్నాడు. నేను ఒక కంపెనీ పనిలో మునిగి ఉన్నాను. "దసరా అయినంక వస్త తమ్మీ" అన్నాను. దసరా అయింది, దీపావళీ అయింది. ఈలోపల వాడిని జిల్లా ప్రదర్శనలో స్టాలు పెట్టమన్నారు. పెట్టాడు. బొమ్మతో సహా పేపర్లో వచ్చింది. ఆ పేపరు ముక్క పట్టుకుని సంతోషంగా నా దగ్గరికి వచ్చాడు.

నేను చెప్పాల్సి వచ్చింది. దరఖాస్తుకు ముందే లోకానికి చూపిస్తే చట్టం దృష్టిలో అది ఇక కొత్తది కాదు. ప్రభుత్వం ప్రత్యేకంగా ప్రకటించిన ప్రదర్శనలకు మినహాయింపు ఉంది, ఇది అలాంటిది కాదు. నేను ఫోన్ వచ్చిన రోజే పోయి ఉంటే, తాత్కాలిక దరఖాస్తు నాలుగు పేజీలు రాసి పడేస్తే, పూర్తి కాగితానికి పన్నెండు నెలల గడువు ఉండేది. వాడు కాసేపు ఊరుకుని, "పోనీ అన్నా, ఎవలన్న చేసుకోనీ" అన్నాడు.

ఎవరూ చేసుకోలేదు. ఉచితంగా దొరికిన దాన్ని కూడా ఎవరూ ఎత్తుకోలేదు. పేటెంట్ ఉంటే ఏ కంపెనీ అయినా వచ్చి ఉండేదా? వచ్చేదని నేను ప్రమాణం చేయలేను. ఊరి చేతిపంపు మీద లాభం లెక్క వేసే కంపెనీని నేను చూడలేదు. కాని తలుపు తెరిచే అవకాశం ఒకటి ఉండేది, అది నా దసరా వల్ల పోయింది. అందుకని నీ ప్రశ్నకు జవాబు ఇదిరా: రాయలేదు. రాయాల్సింది ఒకటి ఉండె, రాయలేదు.

2016 తర్వాత మిషన్ భగీరథ పైపుల్లో ఇంటింటికీ నదినీళ్లు మొదలయ్యాయి. మన బడి పిల్లల పళ్లు ఇవాళ పొద్దున నేను ఒకళ్లొకళ్లవి చూశాను, వాళ్లు నన్ను పిచ్చివాడనుకున్నారు. తెల్లగా ఉన్నాయి. కాని నల్లా రాని రోజు మళ్లీ బోరే కదా. బడి వెనక పాత చేతిపంపు ఇంకా పనిచేస్తోంది, మధ్యాహ్న భోజనం గిన్నెలు అక్కడే కడుగుతున్నారు.

సంఘంవారు నాకు కప్పిన శాలువా తీసుకున్నాను, కవరు తీసుకోలేదు. దానికి బదులు నేనే ఒక పెట్టె తెచ్చి సైన్సు టీచరమ్మకు ఇచ్చాను, ఫ్లోరైడ్ పరీక్ష కిట్టు. సీసాలో నీళ్లు పోసి మందు చుక్కలు వేస్తే గులాబీ రంగు వస్తుంది, ఫ్లోరైడ్ ఎక్కువయ్యేకొద్దీ పసుపు వైపు తిరుగుతుంది. తొమ్మిదో తరగతి పిల్లలు ఎవరింటి బోరు నీళ్లు వాళ్లు తెచ్చి చూసి రిజిస్టర్లో రాస్తామన్నారు. నేను నెలకు రెండు శనివారాలు ఇక్కడికి వస్తాను. ఎవరి బుర్రలోనైనా ఏదైనా మిషను ఉంటే పేపరువాళ్లకు చెప్పే ముందు నాకు చెప్పండి, ఫీజు లేదు. మోటారు షాపు తమ్ముడు కూడా వస్తానన్నాడు, పాత సామాను అటక మీదనే ఉందట.

మొదటి సీసా నిన్న సాయంత్రమే నింపాం. మా వాడి ఇంటి బోరుది. వాడే పట్టి ఇచ్చాడు, వంగలేడు కాబట్టి మనవరాలు కింద పట్టుకుంది.