హింసలో భాగస్వాములెవరు?



తెలుగునాట అత్యధికులు మాంసాహారులే. ఈ సభలోను ఉందురు. వారిని నిందించుటకు నేను రాలేదు. శాకాహారినని గర్వించువానికిని ఈ విషయమున కొంత పాఠము కలదు.

మనుస్మృతి పంచమాధ్యాయమున హింసలో భాగస్వాములు లెక్కించబడిరి. అనుమతించినవాడు, కోసినవాడు, చంపినవాడు, కొన్నవాడు, అమ్మినవాడు, వండినవాడు, వడ్డించినవాడు, తిన్నవాడు - ఈ ఎనమండుగురును ఘాతకులే. కత్తి పట్టినవాడే దోషి, రూపాయి యిచ్చినవాడు నిర్దోషి యనుట శాస్త్రసమ్మతము కాదు. వట్టిపోయిన గేదెను సంతకు తోలి, కటికవానికి అమ్ముకొనిన శాకాహారి ఎవరు? ఆ ఎనమండుగురిలో అమ్మినవాడే కదా!

కావున కటికవానిని హీనముగా చూచు అధికారము మనకు లేదు. మహాభారత వనపర్వమున కౌశికుడను బ్రాహ్మణుడు ధర్మము తెలిసికొనుటకు వెళ్లినది మిథిలలోని మాంసపు అంగడికి. అచ్చటి ధర్మవ్యాధుడు ఇతరులు చంపిన జంతువుల మాంసమును అమ్మెడివాడు. తాను తినెడివాడు కాడు. నాగలి దున్నునప్పుడును ప్రాణులు చచ్చుననియు, సంపూర్ణాహింస ఎవరికిని సాధ్యము కాదనియు, యత్నించినచో హింస అల్పమగుననియు అతడు బోధించెను. పూర్తిగా సాధ్యము కాదు గనుక ప్రయత్నమే వలదని చెప్పలేదు.

కర్నూలు జిల్లా ఎర్రగుడి బండలపై క్రీస్తుపూర్వము మూడవ శతాబ్దినాటి అశోకుని శాసనములు నేటికిని ఉన్నవి. పూర్వము తన వంటశాలకై దినదినము లక్షల ప్రాణులు చంపబడెడివనియు, ఇప్పుడు రెండు నెమళ్లు, ఒక లేడి మాత్రమేననియు, ఇకముందు అవియు ఉండవనియు ఆ చక్రవర్తి ప్రకటించెను. ఆయనయు ఒక్కనాటిలో మానలేదు, తగ్గించుకొనుచు వచ్చెను.

నేడు ఈ లెక్క ఎనమండుగురితో ముగియదు. మానవుల వలన పుట్టి భూమిని వేడెక్కించు వాయువులలో 14.5 శాతము పశుపోషణ వలననేయని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2013లో తెలిపినది. పాడిపశువులును ఇందులోనివే. రోగికి కడపటి రక్షగా దాచుకొనవలసిన కోలిస్టిన్ అను మందును కోళ్లు త్వరగా పెరుగుటకై మేతలో కలుపుచుండగా, ఆహారమునకై పెంచు జంతువులకు దానిని వాడరాదని 2019లో భారత ప్రభుత్వము నిషేధించినది. మందులకు లొంగని రోగము ఎవరు మాంసము తినిరి, ఎవరు తినలేదు అని అడిగి రాదు. తిననివాడును ఫలము అనుభవించుచున్నాడు.

కనుక మానగలవారు మానుడు. మానలేనివారు వారమున ఒక దినమైనను విడువుడు. మానినవారు గర్వమును విడువుడు. ముసలి పశువును కడవరకు పోషింపుడు. విస్తరి ముందు కూర్చుండినప్పుడు ఆ ఎనమండుగురిలో నేనెవడనని ప్రతివాడును తన్ను తాను ప్రశ్నించుకొనవలెను.

సర్వే జనాః సుఖినో భవంతు.