ఇల్లు చూసి విలువ కట్టే పని

హోసూరు దగ్గర దక్షిణ పినాకిని మీద కట్టిన కెలవరపల్లి జలాశయం చుట్టుపక్కల ఇళ్ల స్థలాల బేరాలు మనకు తెలిసినవే. బ్యాంకు అప్పుతో కొనేవారి దగ్గరికి, మంజూరుకు ముందు, ఆస్తిని తనిఖీ చేసే మనిషి వస్తారు. చాలాచోట్ల ఆయనకు నెలజీతం ఉండదు. నివేదికకు ఇంత అని ఒప్పందం.

ఆయన ముందుగా దస్తావేజులోని చెక్కుబందీ, సర్వే నంబరు, నేలమీది హద్దులు సరిపోయాయా అని చూస్తారు. టేపు పెట్టి కొలుస్తారు. ఆమోదించిన ప్లాను ప్రకారమే కట్టారా, దారి ఉందా, స్థలం చెరువు పోరంబోకులోకి వెళ్లిందా అని ఆరా తీస్తారు. గోడ పూతలోని సన్నని బీట సాధారణమే. కిటికీ మూల నుంచి ఏటవాలుగా సాగిన పగులు కనబడితే మాత్రం పునాది కుంగిందేమో పరీక్షించాలి.

విలువ పెంచి రాయమని ఒత్తిళ్లు వస్తాయి. అలా రాస్తే వచ్చే అదనపు అప్పు మోసేది కొన్న కుటుంబమే. అందుకే ఈ పనికి నిజాయితీ ప్రాణం.

ఆ నివేదిక బ్యాంకు రక్షణ కోసం. మీ రక్షణకు వేరే ఇంజనీరుకు ఇల్లు చూపించండి. పట్టా, ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) సరిచూసుకోండి. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం (రెరా) ప్రకారం, స్వాధీనం చేసిన 5 ఏళ్లలోపు నిర్మాణ లోపం తేలి, మీరు తెలియజేస్తే, బిల్డరు 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. ఆ హక్కును వదులుకోకండి.