వానకానకు ప్రయాణ సన్నాహము

నర్సాపూర్ అడవి వర్షారణ్యము కాదు; వేసవికి ఆకు రాల్చు టేకు, మోదుగ, తునికి చెట్ల అడవి. అయినను పడమటి కనుమలలోని ఆగుంబె వంటి వానకానలకు బయలుదేరువారు తమ మూటను ముందుగా ఇచ్చట పరీక్షించుకొనుట మేలని మేమెంచెదము. శ్రావణమాసపు వానలో మూటను వీపున వేసికొని ఒక జాము నడచినచో, తగ్గింపవలసిన బరువేదో భుజములే చెప్పును.

ఆగుంబెలో ఏటా సగటున 7,000 మిల్లీమీటర్లకు మించి వాన కురియును. ఆ తేమలో తడిసిన నూలుబట్ట ఆరదు. కావున త్వరగా ఆరు దుస్తులు రెండు జతలు కావలెను: ఒకటి పగటి తడికి, రెండవది రాత్రి నిద్రకు. తెల్లవారిన తరువాత ఎంత విసుగు కలిగినను తడిజతనే మరల తొడుగవలెను. లేనిచో రాత్రికి పొడిబట్ట మిగులదు. అగ్గిపెట్టెను, మందులను ప్లాస్టిక్ సంచులలో బిగించి కట్టవలెను. జలగలకు మోకాలివరకు వచ్చు దట్టపునేత మేజోళ్లు అవసరము.

అన్నిటికంటె ముఖ్యమైనది పాముకాటు. మన దేశపు విషహరౌషధము నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఇసుకపింజర అను నాలుగింటి విషమునకై చేయబడినది. ఆగుంబె రాచనాగునకు అది నమ్మదగిన మందు కాదు. కావున పొడవు బూట్లు, టార్చిలైటు తప్పనిసరి. చూడక ఎచ్చటను చేయి వేయరాదు. కాటుపడినచో గాయమును కోయరాదు, బిగించి కట్టరాదు. ఆ అవయవమును కదలనీయక రోగిని వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. దగ్గరి ఆసుపత్రి ఎచ్చట గలదో బయలుదేరకముందే కాగితముపై వ్రాసి, ఒక ప్రతిని మూట పైభాగమున ఉంచుడు. రెండవదానిని ఇంటివారికి ఇండు.