చిల్లర చరిత్ర: వెండి రూపాయి నుంచి పది బిళ్ల దాకా



మాకు చరిత్ర చెప్పిన మాస్టారు కోటల కన్నా సంతల గురించే ఎక్కువ మాట్లాడేవారు. అందుకే ఆయన పేరిట ఇచ్చే ఈ ఉపన్యాసానికి చిల్లర డబ్బును ఎంచుకున్నాను. చిన్న నోట్ల స్థానంలో బిళ్లలు రావాలా? రావాలనే నా అభిప్రాయం. ఎలా తేవాలన్న దగ్గరే మనం తడబడుతున్నాం.

మన తాతల కాలంలో రూపాయి అంటే తులం బరువున్న వెండి. కాగితం రూపాయి ఎవరూ కోరి తెచ్చుకున్నది కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో వెండి ధర మండిపోయి, రూపాయిని కరిగించుకుంటేనే లాభమనే పరిస్థితి దాపురించింది. 1917 నవంబరు 30న ఐదో జార్జి బొమ్మతో రూపాయి నోటు వచ్చింది. మరుసటి ఏడు రెండున్నర రూపాయల నోటు కూడా వేశారు. 1926లో రెండూ ఆపారు. 1940లో మళ్లీ యుద్ధం, మళ్లీ రూపాయి నోటు. 1943లో లోహం ఆదా కోసం పైసాకు నడుమ చిల్లు పెట్టారు. కాగితం బాట పట్టడంలో, హాలీ సిక్కా అనే సొంత డబ్బు నడిచిన నిజాం రాజ్యమూ మినహాయింపు కాదు. చార్మినార్ బొమ్మ రూపాయిని సొంత టంకశాలలో ముద్రించుకున్న ఆ ప్రభుత్వం 1918లో చట్టం చేసి ఉస్మానియా నోట్లు తెచ్చింది.

ఒక తమాషా. రూపాయి నోటు మీద సంతకం రిజర్వు బ్యాంకు గవర్నరుది కాదు, కేంద్ర ఆర్థిక కార్యదర్శిది. చట్టం దృష్టిలో అది నాణెమే!

1994లో రూపాయి నోటు, 1995లో రెండు, ఐదు నోట్లు ముద్రించడం ఆపారు. చేతులు మారే చిన్న నోటు త్వరగా నలిగి చిరుగుతుంది, బిళ్ల ఏళ్ల తరబడి తిరుగుతుంది. లెక్క సరైనదే. కానీ సరిపడా బిళ్లలు రాకముందే కాగితం ఆగిపోయింది. ఆ చిల్లర కరువు ఈ హాల్లో చాలామందికి గుర్తుండే ఉంటుంది. కొట్లో చిల్లరకు బదులు చాక్లెట్టు చేతిలో పెట్టేవారు. బస్సులో కండక్టరు టికెట్టు వెనక బాకీ రాసిచ్చేవాడు. దిగే చోట ఇద్దరు ముగ్గురిని కలిపి ఒకే నోటిచ్చి, పంచుకోండి అనేవాడు. ముక్కూ మొహం తెలియని మనుషులు నోటు మార్చుకోవడానికి కలిసి కొట్టు వెతుక్కునేవారు. ప్రభుత్వం విదేశీ టంకశాలల్లో నాణేలు ముద్రింపించి తెప్పించింది. 2001లో ఐదు నోటును మళ్లీ అచ్చు వేయాల్సి వచ్చింది. అంత ఇబ్బంది పెట్టినా ఆ బిళ్లలు చివరికి కుదురుకున్నాయి. వద్దంటే జనానికి వేరే దారి లేదు మరి.

పది రూపాయల బిళ్ల విషయంలో అలా తప్పనిసరి కాలేదు. 2009 నుంచి బిళ్ల ఉంది, నోటూ ఉంది. పైగా బిళ్లలు రకరకాలు: రూపాయి గుర్తు ఉన్నవి, లేనివి, పది గీతలవి, పదిహేను గీతలవి. ఫలానాది దొంగదన్న పుకారు లేచింది. పద్నాలుగు డిజైన్లూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018 జనవరిలో ప్రకటించింది. అయినా మన ఊళ్లలో ఎన్నో కొట్లలో ఇప్పటికీ ‘చెల్లదండీ’ అనే జవాబే. కొట్టువాణ్ణి తప్పుపట్టలేను. తను తీసుకున్నది పాలవాడు తీసుకోడు, బ్యాంకులో సంచి విప్పితే క్యాషియరు మొహం చిట్లిస్తాడు. అమెరికాలోనూ అంతే. 1979లో, 2000లో డాలరు నాణేలు తెచ్చి నోటును ఉంచారు, నాణేలు మూలపడ్డాయి. కెనడా 1987లో నాణెం తెచ్చింది, రెండేళ్లకు నోటు ఆపేసింది, నాణెం నిలిచింది.

జేబు బరువని కొందరంటారు, ఫోన్లు ఉండగా ఇంకా చిల్లరెందుకని ఇంకొందరంటారు. రైతు బజారులో కొత్తిమీర కట్టలమ్మే ముసలమ్మను అడిగి చూడండి.

నేను కోరేది వరస. మొదట బిళ్లలు బ్యాంకు శాఖలన్నిటికీ చేరాలి. శాఖలు వాటిని గొణగకుండా తిరిగి తీసుకోవాలి. ఆ తర్వాత పది నోటు ముద్రణ ఆపాలి, పాతవి చిరిగేదాకా చెల్లనివ్వాలి. ఇరవై జోలికి ఇప్పుడే పోనక్కర్లేదు. పన్నెండు అంచుల ఇరవై బిళ్ల 2020 నుంచే ఉంది, చూపులేనివారు తడిమి పోల్చుకోగలరు కూడా. ముందు పది సంగతి తేలనివ్వండి.