హైదరాబాదు పేరు మోసిన విమానదళము

గద్వాల కోటను, వనపర్తి సంస్థానమును, నాగర్‌కర్నూలు కేసరి సముద్రమును ఎరిగిన శ్రోతలకు బాంబు విమానములతో మనకేమి సంబంధమని తోచవచ్చును. సంబంధము కలదు. 1918లో ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ బ్రిటిషు వైమానిక సేన 110వ దళమునకు బాంబు విమానములను బహూకరించెను. అవి తమ కానుక యని ప్రతి విమానము మీదను వ్రాయించిరి. ఆ దళమునకు హైదరాబాదు దళమను పేరు స్థిరపడెను. ప్రభువు బొక్కసమునకు మూలము రైతు కట్టిన శిస్తు. గద్వాల, వనపర్తి సంస్థానములు ఏటేట చెల్లించిన పేష్కషు కూడ అందు చేరుచుండెడిది. అదే 1918లో వానలు తప్పినవి, ఇన్‌ఫ్లుయెంజా దేశమును ఊడ్చివేసినది. ఆ రెక్కల వెల ఎవరి చెమటయో మనము మరువరాదు.

ఇక ఆ దళపు వీరుని మాట. 1939 సెప్టెంబరు 3న బ్రిటను జర్మనీపై యుద్ధము ప్రకటించెను. మరునాడే జర్మను యుద్ధనౌకలపై దాడికి బ్లెన్‌హీము విమానములు బయలుదేరినవి. హైదరాబాదు దళమువారి అయిదు విమానములను నడిపించినవాడు ఫ్లయిట్ లెఫ్టినెంటు కెన్నెత్ డోరన్. మబ్బులు మిక్కిలి క్రిందుగా కమ్మియుండెను. అతడు నీటికి చేరువగా దిగి, అడ్మిరల్ షేర్ అను నౌకపైకి నేరుగా పోయెను. బాంబులు తగిలినవి గాని పేలలేదు. ఆ దళములో ఒక విమానము కూలినది. వెనుక వచ్చిన 107వ దళమువారి అయిదింటిలో నాలుగు మరలి రాలేదు.

ఫలము స్వల్పము, నష్టము ఘోరము. అయినను మేము డోరన్‌ను మెచ్చుకొందుము. ఏల? పౌరులకు హాని కలుగరాదని నాటి ఆజ్ఞ. ఫిరంగులు మోహరించిన యుద్ధనౌకనే అతడు ఎదుర్కొనెను. సగము మంది రాని దారి ఎట్టిదో కన్నులార చూచియు, అతడు మరల మరల ఆ దారినే ఎగిరెను. 1940లో నార్వే దాడిలో శత్రువులకు చిక్కి బందీ అయ్యెను. తరువాతి యేండ్లలో ఆ ఆజ్ఞ నిలువలేదు. నగరములే గురి అయినవి. కావున మనము మెచ్చవలసినది బాంబును కాదు, ప్రాణమును పణముగా నొడ్డి కర్తవ్యమును నెరవేర్చిన గుండెను.

ఆ దళము 1942లో భారతదేశమునకు వచ్చి బర్మా రణరంగమున పోరాడెను. తుదకు హెలికాప్టరులతో మలయా, బోర్నియో అడవులలో సేవచేసి 1971లో రద్దయ్యెను. భయపడను, తృణీకరింపను అనునది దాని ధ్యేయవాక్యము. మొదటి మాట డోరన్ వంటి వైమానికులకు తగును. రెండవ మాట మనకు తగును. ఆకాశమున ఎగిరిన వీరుని కొనియాడునపుడు, ఆ విమానమునకు వెల చెల్లించిన పేరులేని రైతును మనము తృణీకరింపరాదు. పాలమూరు నేలపై నిలిచి ఆ కథ వినువారు ఇరువురికిని నమస్కరింతురు గాక.