సైకిల్ దారి కోసం

హైదరాబాద్ బైసైక్లింగ్ క్లబ్ 2007లో మొదలైంది. దానికి ఛైర్మన్‌గా ఉన్న డి.వి. మనోహర్ వంటివారు సైకిల్‌ను వ్యాయామానికే పరిమితం చేయక, నగర రవాణాలో దానికి చోటు కావాలని అడిగారు. సంతాన సెల్వన్ హైదరాబాద్ ‘బైసికిల్ మేయర్’గా పనిచేశారు. ఆమ్‌స్టర్‌డామ్‌లోని బైక్స్ అనే సంస్థ నగరాల్లోని సైకిల్ కార్యకర్తలకు ఇచ్చే గౌరవ బాధ్యత ఇది. ప్రభుత్వ పదవి కాదు. ఓపికగా పదేపదే అడగడమే ఇలాంటివారి బలం.

2023 అక్టోబర్ 1న అవుటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సౌర పైకప్పు ట్రాక్ ప్రారంభమైంది. మంచిదే, కానీ పనికి వెళ్లే కూలీకి కావలసింది ఊరి లోపలి దారి.

అరకు కొండల్లో అవసరం వేరు. విశాఖ నుంచి సుమారు 115 కిలోమీటర్ల దారిలో అనంతగిరి ఘాట్ మలుపుల వద్ద సైకిల్, బస్సు, పర్యాటకుల కారు ఒకే ఇరుకు రోడ్డును పంచుకోవాలి. గేర్లు లేని మామూలు సైకిల్‌ను ఎత్తున్నచోట నెట్టుకుంటూ నడవాల్సిందే. అందుకే ఇక్కడ సైకిల్ కోసం అడిగేవారు ముందుగా బడి పిల్లలనూ, సంతకు వెళ్లే గిరిజన రైతులనూ దృష్టిలో పెట్టుకోవాలి. వారికి కావలసినవి: రోడ్డు అంచున గట్టి నేల, మలుపుల్లో వేగ నియంత్రణ, దగ్గర్లో మరమ్మతు దుకాణం.